సింహమునకు రెండవ ఇల్లు

మన పంచాయతీ కార్యాలయములకు వచ్చు సర్కారు కాగితములపై సింహముల ముద్ర ఉండును. సారనాథ్‌లో అశోకుడు నిలిపిన స్తంభముపై వీపులు చేర్చి నిలిచిన నాలుగు సింహములే మన రాజ్యచిహ్నము. కాగితముపై మూడే కనబడును. నాలుగవది వెనుక నుండును. ఇక సింహాచలము, యాదగిరిగుట్ట, అహోబిలము, ధర్మపురి, మంగళగిరి మొదలుగా తెలుగునాట నరసింహస్వామి క్షేత్రములకు కొదువ లేదు. ఇన్ని చోట్ల సింహముఖుడైన దేవుని కొలుచుచున్న మనము బ్రతికియున్న సింహమును మన అడవులలో చూచి యెరుగము. పులి, చిరుత, ఎలుగు మన కొండలలో కలవు. సింహము మాత్రము నర్మదకు ఉత్తరముననే నివసించెనని చరిత్రకారులు చెప్పుచున్నారు.

అట్టి మృగమును గూర్చి తెలుగు గ్రామముల పంచాయతీ సభ్యులకు చెప్పవలసిన దేమున్నదని కొందరు అడుగవచ్చును. సింహము నేడు కారడవిలో కంటె గ్రామముల నడుమ ఎక్కువగా బ్రతుకుచున్నది. దాని మేలుకీడులు ఊరి పశువులపైనను, ఊరి కుక్కలపైనను, పొలములోని బావులపైనను ఆధారపడి యున్నవి. ఇవన్నియు పంచాయతీల పరిధిలోని సంగతులే కదా!

ఒకప్పుడు ఆసియా సింహము ఇరాక్, ఇరాన్ దేశములు మొదలుకొని బీహారు వరకు సంచరించెడిది. తుపాకి వచ్చిన తరువాత దాని కథ మారిపోయినది. సింహము పులివలె పొదలలో దాగునది కాదు. గుంపుగా, బయలు ప్రదేశములలో తిరుగును, కావున వేటగానికి సులభముగా చిక్కును. రాజులును, దొరలును ఒక్కొక్క వేటలో పదుల కొలది చంపిరి. పందొమ్మిదవ శతాబ్ది ముగియునాటికి మన దేశమున సౌరాష్ట్రములోని గిర్ అడవిలో తప్ప మరెక్కడను సింహము మిగులలేదు. ఇరువదవ శతాబ్ది నడిమికి ఇరాన్‌లోను అంతరించినది. గిర్ అడవి జునాగఢ్ సంస్థానములో నుండెడిది. అక్కడి నవాబులు వేటను కట్టడి చేయుటచేతనే ఈ జాతి నిలిచినది. నేడు ఆసియా ఖండమందలి అడవులలో స్వేచ్ఛగా తిరుగుచున్న ప్రతి సింహమును ఆనాడు గిర్‌లో మిగిలిన ఆ కొద్దివాని సంతతియే.

1936లో లెక్కింపగా 287 తేలినవి. 1968 నాటికి అవి 177కు దిగినవి. 1965లో గిర్‌ను అభయారణ్యముగను, 1975లో దాని నడిమి భాగమును జాతీయ ఉద్యానవనముగను ప్రకటించిరి. ఆపైన సంఖ్య మెల్లగా పెరిగినది. 2015లో 523, 2020లో 674, 2025 మే నెలలో జరిగిన గణనలో 891. ఏబది సంవత్సరములలో ఒక జాతిని ఇట్లు నిలువబెట్టుట చిన్న పని కాదు. ఇందులో గుజరాత్ అటవీ సిబ్బంది కృషితో పాటు అక్కడి పల్లె ప్రజల ఓర్పు కూడ నున్నది. ఆ ఓర్పును గూర్చి మనము కొంత వివరముగా తెలిసికొనవలెను.

గిర్ అభయారణ్యము, జాతీయ ఉద్యానవనము కలిపి 1,412 చదరపు కిలోమీటర్లు. 891 సింహములకు ఆ చోటు చాలదు. అవి నేడు సౌరాష్ట్రములోని 11 జిల్లాలలో, దాదాపు 35,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి యున్నవి. వానిలో సగమునకు పైగా అభయారణ్యము వెలుపలనే బ్రతుకుచున్నవి. పగలు చెరకు తోటలోనో, కేసర్ మామిడి తోపులోనో, వాగు ఒడ్డు పొదలలోనో పడుకొనును. రాత్రి లేచి తిరుగును. రైతు కాపలాకు పోవు దారిలోనే సింహము నడచును. మన రైతులు ఇట్టి స్థితిని ఊహించుకొనుటయే కష్టము. అయినను అక్కడి రైతులు అనేకులు దానిని తరిమివేయుమని కోరుట లేదు. సింహము తిరుగు చోట మనుబోతులు, అడవిపందులు పైరును పాడుచేయుట తగ్గునని వారి అనుభవము. అడవిపందుల బాధ ఎరిగిన మన మెట్ట రైతులకు ఈ మాట వెంటనే అర్థమగును.

గిర్ లోపల మాల్‌ధారీలను పశుపాలకులు తరతరములుగా నివసించుచున్నారు. వారి గూడెములను నేస్ లందురు. గూడెము చుట్టు ముళ్లకంప వేసి, రాత్రి గేదెలను లోపల తోలుదురు. అయినను సింహము అప్పుడప్పుడు గేదెను పట్టును. 1970 దశకము తొలినాళ్లలో జరిగిన పరిశోధనలో సింహముల ఆహారములో మూడు పాళ్లు పశువులే యని, ఒక పాలు మాత్రమే అడవి జంతువులని తేలినది. 1972 తరువాత అనేక మాల్‌ధారీ కుటుంబములను అడవి వెలుపలకు తరలించిరి. మేత పెరిగి దుప్పులు వృద్ధిచెందగా సింహము మరల అడవి వేటకు అలవాటు పడినది. పశువు చచ్చినవానికి ప్రభుత్వము నష్టపరిహార మిచ్చుచున్నది. పరిహారము సకాలమున అందిన చోట విషము పెట్టవలెనన్న ఆలోచన మనిషికి రాదు. ఆలస్యమైన చోట వచ్చును. ఇది ఏ దేశమునకైనను, ఏ మృగమునకైనను వర్తించు సంగతి.

ఇంత బాగుగా నున్నప్పుడు ఇక చింత యెందులకు? ఒక రైతు తన విత్తనపు ధాన్యమంతయు ఒకే గాదెలో పోసి, ఆ గాదె పూరింటిలో ఉంచినచో మనమేమందుము? సింహముల స్థితి నేడు అట్లే యున్నది. జాతి యంతయు ఒకే ప్రాంతములో నున్నది. అక్కడ ఒక మహమ్మారి పుట్టినచో తిరిగి విత్తుటకు వేరొక చోట విత్తనము లేదు.

ఈ భయము ఊహామాత్రము కాదు. 2018 సెప్టెంబరులో గిర్ తూర్పు విభాగములోని దల్ఖానియా రేంజిలో కొద్ది వారములలోనే 23 సింహములు చనిపోయినవి. పరీక్షింపగా కొన్నింటిలో కుక్కలకు వచ్చు డిస్టెంపర్ వ్యాధి కనబడినది. మరికొన్నింటిలో పిడుదుల వలన వ్యాపించు బెబీషియా అను సూక్ష్మజీవి యుండెను. మన పశువులకు ఎర్రమూత్రపు జబ్బు కలిగించునది ఈ తెగకు చెందినదే. అధికారులు ఆ ప్రాంతపు సింహములను పట్టి వేరుగా నుంచి, అమెరికా నుండి టీకామందు తెప్పించి వేసిరి. వ్యాధి అంతటితో ఆగుట మన అదృష్టము. ఆఫ్రికాలోని టాంజానియా దేశమున సెరెంగెటీ మైదానములో 1994లో ఇదే డిస్టెంపర్ వచ్చి, అక్కడి సింహములలో మూడవ వంతు, అనగా సుమారు వేయి, నశించినవి. వ్యాధి చుట్టుపట్ల గ్రామముల కుక్కలనుండి వచ్చినదని శాస్త్రజ్ఞులు భావించిరి. అందుచేత అక్కడి పల్లెలలో కుక్కలకు టీకాలు వేయించు కార్యక్రమము ఆరంభమైనది. సెరెంగెటీ సింహములు తిరిగి కోలుకొన్నవి. అంత పెద్ద మందలో మూడవ వంతు పోయినను విత్తనము మిగులును.

కావుననే సింహమునకు మరియొక ఇల్లు కావలెనని శాస్త్రజ్ఞులు చాలకాలముగా చెప్పుచున్నారు. ఆ ఇల్లు రెండు విధములుగా నుండవచ్చును. మొదటిది మరొక అడవి. రెండవది మనుష్యుల పోషణలో నడచు సంతానోత్పత్తి కేంద్రము. దానికి అనుబంధముగా సఫారీ పార్కు. ఈ రెండింటికిని గల భేదమును సరిగా తెలిసికొననిచో, జంతుప్రదర్శనశాలలో పిల్లలు పుట్టినంతనే సింహజాతి సురక్షితమైనదని పొరబడుదుము.

ముందు సంతానోత్పత్తి కేంద్రము సంగతి. జునాగఢ్‌లోని సక్కర్‌బాగ్ జంతుశాలను 1863లో నవాబు స్థాపించెను. ఆసియా సింహముల పెంపకమునకు నేడు అదియే ముఖ్యస్థానము. దేశములోని ఇతర జంతుశాలలకే గాక విదేశములకు కూడ అక్కడినుండి సింహములు పోయినవి. ఆడ సింహము సుమారు మూడున్నర నెలలు గర్భము మోయును; కాన్పుకు రెండు మూడు పిల్లలు, అరుదుగా నాలుగు. పెంపకములో పిల్లలు పుట్టుట కష్టము కాదు. ఏ తండ్రికి ఏ తల్లిని జతపరచితిమి అను దానిలోనే కిటుకున్నది.

ఊరి ఆబోతును గూర్చి మన పెద్దలకు తెలియనిది లేదు. ఒకే ఆబోతును ఏండ్ల తరబడి ఊరిలో ఉంచినచో అది తన సంతతినే దాటును, దూడలు నీరసించును. అందుచే పొరుగూరి గిత్తతో మార్చుకొందురు. ఒంగోలు జాతి పశువును కొనువాడు తల్లిదండ్రులను అడిగి తెలిసికొనును. సింహములకు కూడ ఇట్లే వంశావళి పుస్తకము నుండును. ప్రతి సింహమునకు ఒక సంఖ్య, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ఏ జంతుశాలనుండి ఏ జంతుశాలకు పోయినది అన్నియు అందులో వ్రాయుదురు. ఆ పుస్తకము చూచియే జతలను నిర్ణయింతురు.

పుస్తకము వ్రాయనిచో ఏమగునో మన దేశమే చూచినది. పంజాబులోని ఛత్‌బీర్ జంతుశాలలో 1980 దశకమందు ఆసియా సింహములతో సర్కసులనుండి వచ్చిన ఆఫ్రికా జాతి సింహములను కలిపిరి. పిల్లలు పదుల కొలది పుట్టినవి, చూచువారికి సంతోషమైనది. కాని తరము గడచినకొలది వెనుక కాళ్లు సరిగా నడువనివి, జబ్బులకు తాళలేనివి పుట్టసాగినవి. చివరకు 2000 ప్రాంతమున వాని సంతానమును నిలిపివేయవలసి వచ్చినది. అమెరికాలోను ఇట్లే జరిగినది. అక్కడి జంతుశాలలు శుద్ధమైన ఆసియా జాతియని ఎంచి వృద్ధిచేసిన సింహములకు మూలమైన ఐదింటిలో రెండు ఆఫ్రికా రక్తము గలవని 1987లో పరీక్షలు తేల్చినవి. అన్నాళ్ల శ్రమ వృథా యైనది.

ఇక్కడ మన తెలుగునాటికి ఒక సంబంధ మున్నది. 1998లో కేంద్ర ప్రభుత్వము సర్కసులలో సింహములను, పులులను ఆడించుటను నిషేధించినప్పుడు, వానిని ఉంచుటకు కొన్ని రక్షణ కేంద్రము లేర్పడినవి. విశాఖపట్టణములోని ఇందిరాగాంధీ జంతుశాల వద్ద ఒకటి, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుశాల వద్ద ఒకటి కలవు. అక్కడికి వచ్చిన సర్కసు సింహములు చాలవరకు మిశ్రమ జాతివి. వానికి ఆహారము, వైద్యము ఇచ్చి, సంతానము కలుగనీయక, ప్రాణమున్నంత వరకు పోషించిరి. పేరుకు సింహములైనను జాతిని నిలుపుటకు అవి పనికిరావు. అయినను వానిపట్ల మన కర్తవ్యము తీరునది కాదని ప్రభుత్వము భావించినది; ఇది సరియైన పని యని మా అభిప్రాయము.

శుద్ధజాతిని గుర్తించు పరీక్షలలో హైదరాబాదు శాస్త్రజ్ఞుల పాత్ర పెద్దది. అక్కడి కణజీవశాస్త్ర పరిశోధనాలయము 1990 దశకమందు గిర్ సింహముల రక్తమును పరిశీలించినది. దాని శాఖ యొకటి అత్తాపూరులో నున్నది. అంతరించుచున్న జంతువుల వీర్యమును, కణములను గడ్డకట్టించి భద్రపరచు పద్ధతులను అక్కడ అభివృద్ధి చేయుచున్నారు. 2021లో హైదరాబాదు నెహ్రూ జంతుశాలలోని ఎనిమిది ఆసియా సింహములకు కోవిడ్ సోకినప్పుడు దానిని కనిపెట్టినది కూడ ఆ శాఖయే. వానిని వేరుపరచి చికిత్స చేయగా కోలుకొన్నవి. మనిషి జబ్బు మృగమునకు సోకగలదని ఆనాడు ప్రత్యక్షముగా తెలిసినది.

ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా వద్ద, చంబల్ లోయల సమీపమున, సింహముల సంతానోత్పత్తి కేంద్రమును, సఫారీని స్థాపించిరి. 2014లో తెచ్చిన సింహములలో ఒక జత ఆ యేటనే డిస్టెంపర్‌తో చనిపోయినది. మరుసటి సంవత్సరము పుట్టిన పిల్లలు దక్కలేదు. టీకాలు వేసి, ఆవరణలను శుభ్రపరచి, సిబ్బందికి శిక్షణ ఇచ్చిన తరువాత 2016లో పుట్టిన పిల్లలు బ్రతికి పెరిగినవి. 2019లో ప్రజలకు సఫారీ తెరచిరి. భవనములు, కంచెలు ఒక సంవత్సరములో కట్టవచ్చును. సింహపు పిల్లను బ్రతికించు నేర్పు మాత్రము అంత త్వరగా రాదు.

సఫారీ పార్కు అనగా బోనును తిరుగవేసినట్లు. జంతువు విశాలమైన ఆవరణలో తిరుగును. మనుష్యులే మూసిన బండిలో కూర్చుందురు. చుట్టు ఎత్తైన కంచె, లోతైన కందకము ఉండును. ప్రవేశమునకు రెండు ద్వారములు, ఒకటి మూసిన పిమ్మటగాని రెండవది తెరువరు. సాయంకాలము సింహములు రాత్రి గదులకు వచ్చి మాంసము తినును. చాల చోట్ల వారమున కొకదినము పస్తు పెట్టుదురు. అడవిలో దానికి దినదినము వేట దొరకదు కదా. హైదరాబాదు నెహ్రూ జంతుశాలలో 1974లోనే సింహముల సఫారీ ఏర్పడినది. గిర్ అంచున దేవాలియా వద్ద 412 హెక్టార్లకు కంచె వేసి సింహములను చూపుచున్నారు. దీనివలన యాత్రికుల రద్దీ అసలు అడవి మీద కొంత తగ్గును. సౌరాష్ట్ర గ్రామములలో కొందరు రాత్రివేళ కోడినో, దూడనో ఎరగా కట్టి, డబ్బు తీసికొని బయటివారికి సింహమును చూపించు దురాచార మొకటి పుట్టినది. ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. ఎర రుచి మరగిన సింహము రేపు మనిషి చెంతకు వచ్చును. సఫారీలు అందుబాటులో నున్నచో ఈ వ్యాపారమునకు గిరాకీ తగ్గును.

అయితే సఫారీ సింహమును అడవిలో వదలుటకు వీలులేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో గ్వాలియరు మహారాజు ఆఫ్రికానుండి సింహములను తెప్పించి, ఆవరణలో పెంచి, తన అడవులలో వదలెను. మనిషి అనిన బెదురు లేని ఆ సింహములు పశువులపైన, తరువాత మనుష్యులపైన పడినవి. వానిని పట్టియో, చంపియో బాధ తీర్చుకొనవలసి వచ్చినది. పెంపక కేంద్రము విత్తనపు గాదె మాత్రమే. పంట పండవలసినది అడవిలోనే.

ఆ రెండవ అడవి కొరకు జరిగిన యత్నములు మూడు. 1957లో ఉత్తరప్రదేశ్‌లోని చంద్రప్రభ అభయారణ్యమున ఒక మగ, రెండు ఆడ సింహములను వదలిరి. 1965 నాటికి పదకొండైనవి, ఆపైన మాయమైనవి. అడవి చిన్నది, కాపు లేదు, చుట్టును పశువుల మందలు. తుపాకికో విషమునకో బలియైనవని పలువురి నమ్మకము.

రెండవది మధ్యప్రదేశ్‌లోని కూనో. 1990 దశకమున శాస్త్రజ్ఞులు ఆ అడవిని ఎంపిక చేయగా, సింహముల కొరకు 24 గ్రామములను, సుమారు 1,500 కుటుంబములను, అడవి వెలుపలకు తరలించిరి. పొలములు, ఇండ్లు, గ్రామదేవతల గుళ్లు విడిచి వారు వచ్చిరి. గిర్‌లో సింహములు సుఖముగానే యున్నవని, కూనో వానికి తగిన చోటు కాదని గుజరాత్ ప్రభుత్వము వాదించినది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆరు మాసములలో సింహములను పంపవలెనని తీర్పు చెప్పినది. సింహములు ఇప్పటికిని రాలేదు. 2022 సెప్టెంబరులో ఆ అడవికి ఆఫ్రికానుండి చిరుతపులి వంటి చీతాలు వచ్చినవి. రెండు రాష్ట్రముల వాదములలోని మంచిచెడ్డలను విచారించుట మా పని కాదు. కాని ఒక మృగము పేర గ్రామమును కదల్చునప్పుడు ఆ మృగము వచ్చు తేది కూడ కాగితముపై ఉండవలెనని మేము తలంచుచున్నాము. అట్టి తరలింపులలో గ్రామసభ ముందుగా అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే.

మూడవది పోర్‌బందర్ సమీపమునగల బర్డా కొండలు. 1879 తరువాత సింహము కనబడని ఆ చోటికి 2023లో ఒక మగ సింహము తనంత తానే నడచి వచ్చినది. 2025 గణనలో అక్కడ 17 తేలినవి. సంతోషకరమే. అయితే బర్డా గిర్‌కు వంద కిలోమీటర్ల దూరములోనే యున్నది గనుక, గిర్‌ను తాకిన వ్యాధి బర్డాకు పాకదని ధీమాగా చెప్పలేము. వన్యప్రాణుల వ్యాధులను పరీక్షించుటకు జునాగఢ్‌లో జాతీయ కేంద్రమొకటి కట్టుటకు 2025 మార్చిలో శంకుస్థాపన జరిగినది.

గిర్ పంచాయతీలు చేయుచున్న పనులు మన అడవి అంచు గ్రామములకు కూడ పనికివచ్చునవి. అక్కడ పొలములలో పిట్టగోడ లేని బావులు వేలకొలది యుండి, రాత్రి వేటలో పరుగెత్తు సింహములు పడి చచ్చెడివి. ప్రభుత్వ సహాయముతో వానికి గోడలు కట్టించుచున్నారు. గ్రామ యువకులను వన్యప్రాణి మిత్రులుగా నియమించి, సింహము ఊరి దగ్గరకు వచ్చిన కబురు వెంటనే అటవీ శాఖకు అందునట్లు చేసినారు. చచ్చిన పశువును ఊరి బయట పారవేసినచో అక్కడ కుక్కలును, సింహములును ఒకే కళేబరమును తినును. డిస్టెంపర్ వ్యాపించుటకు అంతకంటె సులభమైన దారి లేదు.

నల్లమల, కవ్వాల్ అడవుల అంచు గ్రామములలో సింహమునకు బదులు పులి, చిరుత ఉన్నవి. డిస్టెంపర్ వానికిని సోకును. పశువైద్యుని సంప్రదించి, కుక్కలకు రేబీస్ టీకాతో పాటు డిస్టెంపర్ టీకా వేయించు ఏర్పాటు పంచాయతీ చేయవచ్చును. చచ్చిన పశువును సున్నము చల్లి లోతుగా పూడ్చుటకు ఒక స్థలము కేటాయింపవలెను. అడవిపందుల కొరకు పొలము చుట్టు కరెంటు తీగ కట్టుట మన జిల్లాలలో పులులకును, రైతులకును మృత్యుకారణ మగుచున్నది. పరిహారమునకు దరఖాస్తు పెట్టు పద్ధతిని గ్రామసభలో చదివి వినిపించినచో తీగ కట్టువారు కొందరైనను తగ్గుదురు. బావిలో మృగము పడినప్పుడు జనమును దూరముగా నిలిపి, పట్టుకొని తేలుటకు ఒక దుంగనో, మంచమునో త్రాళ్లతో దించి, అటవీ సిబ్బంది వచ్చువరకు వేచియుండవలెను. రాళ్లు రువ్వరాదు, నిచ్చెన వేయరాదు. పైకి వచ్చిన మృగము మొదట కనబడినవానిపైననే దూకును.